పరదేశ విద్యార్థులు – క్రైస్తవ గృహముల యాతిథ్యము

విద్యకొఱకు కుమారునో కుమార్తెనో అమెరికాకు పంపిన గృహములు నేడు మన తెలుగునాట ప్రతి వీథియందును కలవు. 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశములో చదివిన విదేశీయులు 11,26,690 మంది కాగా, వారిలో 3,31,602 మంది భారతీయులే. ఆ యేడు మనదేశము చీనాను మించి ప్రథమస్థానమునకు వచ్చినది. ఇన్ని లక్షల లెక్కలో మన యింటి బిడ్డ యొక్కడే తల్లికి కనబడును. వాడు విమానము దిగిన రెండవనాడో మూడవనాడో ఫోనులో చెప్పు మాటలలో ఇట్టిది యొకటి తఱచుగ వినవచ్చుచున్నది: “అమ్మా, ఇక్కడి చర్చివారు విమానాశ్రయమునకు కారు తెచ్చినారు. మంచము, బల్ల ఊరకయే యిచ్చినారు. ఆదివారము భోజనమునకు రమ్మన్నారు.”

విన్నవెంటనే తల్లి మనస్సు చల్లబడును. ఎవరో పుణ్యాత్ములు బిడ్డను చేరదీసిరి గదా యని దేవునికి దండము పెట్టుకొనును. పది నిమిషములు గడచునప్పటికి వేఱొక తలంపు వచ్చి కూర్చుండును. ఊరక యెవరు పెట్టుదురు? ఇది గాలమునకు గ్రుచ్చిన యెర కాదు గదా? ఇంటిలోని ముసలమ్మ యీ రెండవ తలంపునకే బలము చేకూర్చును, తండ్రి “వాడేమి పసివాడా?” యని పత్రికలో తల దూర్చును.

ఈ భయమును నవ్వి త్రోసివేయరాదు; దానిని పట్టుకొని బిడ్డను బెదరించుటయు తగదు. ఆ పిలుచువారెవరు, ఏల పిలుచుచున్నారు, ఈ యాచార మెప్పుడు పుట్టినది యను సంగతులు తెలిసికొన్న పిమ్మటగాని తల్లి సరియైన మాట చెప్పజాలదు.

ఇది నిన్న మొన్న పుట్టిన పని కాదు. 1909వ సంవత్సరమున న్యూయార్కు నగరములో హ్యారీ ఎడ్మండ్సు అను యువకుడు క్రైస్తవ యువజన సంఘమున, అనగా వై.ఎం.సి.ఎ.లో, పనిచేయుచుండెను. ఒకనాటి యుదయమున కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు మెట్లమీద ఎదురైన యొక చీనా విద్యార్థికి ఆయన మర్యాదకు నమస్కార వచనము పలికి తన దారిని పోబోయెను. ఆ విద్యార్థి యాగి, తాను న్యూయార్కు చేరి మూడు వారములైనదనియు, ఇన్ని దినములలో తన్ను పలుకరించిన మొదటి మనుష్యుడు ఆయనయే యనియు చెప్పెను. లక్షల జనము తిరుగు పట్టణమున మూడు వారములు! ఎడ్మండ్సు ఇంటికి వచ్చి భార్యయైన ఫ్లోరెన్సుతో ఈ మాట చెప్పగా, దంపతులిరువురును పరదేశ విద్యార్థులను ఆదివారము సాయంకాలము తమ యింటికి పిలువ నారంభించిరి. ఆదివారపు విందులని చరిత్రలో నొక పంక్తి వ్రాయుట సులభము. వారమువారమును, ఎవరికేది పడునో తెలియని పది దేశముల పిల్లలకు అమర్చి పెట్టుట యెట్టిదో గృహిణులకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

వచ్చువారు పెరిగిరి; ఇల్లు చాలలేదు. కడకు రెండవ రాక్‌ఫెల్లరు ధనసహాయము చేయగా, 1924లో హడ్సను నదీతీరమున నొక గొప్ప వసతిగృహము లేచినది. దానికి ఇంటర్నేషనల్ హౌస్ అని పేరిడిరి. వివిధ దేశముల విద్యార్థులు, స్వదేశీయులైన అమెరికా విద్యార్థులు ఒక్క కప్పుక్రింద నివసింపవలెనన్నది దాని యుద్దేశము. అట్టిదే కాలిఫోర్నియాలోని బర్క్‌లీయందు 1930లో తెరచిరి. దానిని కట్టుచున్నపుడు ఆ యూరిలో పెద్ద యలజడి చెలరేగినది. తెల్లవారు, నల్లవారు, ఆసియావారు ఒకచోట నుండుటయా, అందును స్త్రీపురుషు లొక్క కట్టడములోనా యని వందలాదిమంది సభ చేసి యాక్షేపించిరి. నల్లజాతి స్త్రీయైన డెలైలా బీస్లీ యను పత్రికారచయిత్రి ఆ గృహమును సమర్థించి మాటలాడెను. క్రైస్తవులైన యజమానులే పరదేశ విద్యార్థికి గది యీయమని తలుపు వేసిన పట్టణములలో, మఱికొందరు క్రైస్తవులే వారికి ఇల్లు కట్టిరన్నమాట. ఒక మతమువారినందరను ఒక్క త్రాసులో తూచుట యెంత తప్పో ఇందువలన తెలియుచున్నది.

ఎడ్మండ్సు దంపతుల పని యొక యింటినుండి పుట్టినది. 1911లో జాన్ మాట్ అను ప్రసిద్ధ క్రైస్తవ నాయకుడు ఇదే సేవకొఱకు దేశమంతటికి నొక సంఘమును నెలకొల్పెను. ఈయన 1946లో నోబెల్ శాంతి బహుమానము నందినవాడు. ఆ సంఘమువారు ఓడరేవులకు పోయి, దిగుచున్న విద్యార్థులను కలిసికొని, రైలు ఎక్కించి, చేరవలసిన యూరిలోని తమవారికి కబురంపుచుండిరి. నేటి విమానాశ్రయపు కారు ఆనాటి ఓడరేవు ఆతిథ్యమునకు మనుమరాలు.

ఈ రెంటికిని నడుమ, 1910లో, మన తెలుగుదేశముతో సంబంధించిన యొక ఘట్టము జరిగినది. స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ కూడినది. దానికి అధ్యక్షుడు ఈ జాన్ మాటే. తిరునెల్వేలి ప్రాంతమున జన్మించి, మన దోర్నకల్లున సువార్తసేవ చేయుచుండిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య యా సభలో లేచి, మిషనరీలు భారతీయులకొఱకు సొమ్ము నిచ్చిరి, ప్రాణములనుగూడ నిచ్చిరి, కాని తమతో సమానముగ కూర్చుండబెట్టుకొను స్నేహమును మాత్రమీయలేదని నిర్భయముగ చెప్పెను. సభలో పలువురికి ఆ మాట కంటగింపైనది. రెండేండ్ల పిమ్మట, 1912లో, ఆయనయే దోర్నకల్లు బిషప్పై, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొట్టమొదటి భారతీయుడాయెను. దానమును గ్రహించుట వేఱు, స్నేహము నందుట వేఱు అని క్రైస్తవులకు క్రైస్తవుడే చెప్పిన యీ మాట, నేడు మన బిడ్డలను పిలుచు గృహములకును ఒరపిడిరాయిగ నున్నది.

లండనులో నింకొక విధమున జరిగెను. అక్కడ 1920లో కె. టి. పాల్ అను భారతీయ క్రైస్తవుడు మన విద్యార్థులకొఱకు భారతీయ వై.ఎం.సి.ఎ. వసతిగృహమును స్థాపించెను. అది నేటికిని ఫిట్జ్‌రాయ్ స్క్వేరులో నున్నది. హిందువని, మహమ్మదీయుడని యెంచక అందరికిని అందు చోటు కలదు. మనదేశపు క్రైస్తవులే మన పిల్లలకు పరదేశములో అన్నము కూర వండిపెట్టిరని మనలో నెందరికి తెలియును?

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఈ సేవ చేయువారు మతమును బోధింతురా? బోధింతురు. దీనిని దాచనక్కఱలేదు, వారును దాచుటలేదు. 1949లో చీనాలో ప్రభుత్వము మాఱి మిషనరీల రాకపోకలు నిలిచిపోయిన తరువాత, పరదేశములకు పోయి బోధించుటకంటె, ఆ దేశములనుండి తామై వచ్చి మన వాకిట నిలిచిన యువకులకు బోధింపరాదా యను నాలోచన అమెరికా క్రైస్తవులలో బలపడినది. బాబ్ ఫిన్లే అనునాయన 1953లో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ అను సంస్థను స్థాపించినది యీ భావముతోనే. చదువు ముగించుకొని స్వదేశమునకు పోవు యువకుడు రేపు అక్కడ నధికారియో, ఆచార్యుడో, మంత్రియో కావచ్చును. అట్టివాని హృదయమున క్రీస్తునకు చోటు దొరకిన ఒక దేశమే వినునని వారి యాశ. వారి విశ్వాసము ననుసరించి చూచిన ఇది కపటము కాదు. తనకు అమృతమని తోచినదానిని పదుగురికి పంచవలెననుకొనుట ఏ మతమున లేదు?

ఈ సంస్థలు నేడు చేయు పనులు మిక్కిలి లౌకికమైనవి. ఆగస్టు మాసమున విద్యార్థులు దిగునపుడు కార్లు పంపుదురు. వాడిన మంచములు, కుర్చీలు, వంటపాత్రలు ప్రోగుచేసి ఒకనాడు పంచిపెట్టుదురు. కారు లేనివారిని అంగడికి తీసికొనిపోవుదురు. ఆంగ్లభాష మాటలాడుట నేర్పు గోష్ఠులు జరుపుదురు. విద్యార్థి వెంట వచ్చిన భార్య, పనిచేయుటకు అనుమతి లేక నాలుగు గోడల నడుమ చిక్కుకొన్నప్పుడు, ఆమెకు ఈ గోష్ఠియే ప్రాణము నిలుపును. నవంబరు నాలుగవ గురువారమున వచ్చు థాంక్స్‌గివింగ్ పండుగనాడు ఇంటికి పిలిచి తమతో కూర్చుండబెట్టుకొందురు. వీటి ప్రక్కనే బైబిలు చదువు గోష్ఠి యుండును. దానికి రమ్మని యడుగుదురు.

మొదటి యన్నిటికిని, చివరిదానికిని నడుమ నుండు గీత యెంత స్పష్టముగ నున్నదో అదియే పరీక్ష. బైబిలు గోష్ఠికి రానన్న విద్యార్థికి మరుసటి వారము కారు వచ్చునా, రాదా? వచ్చినచో అది ఆతిథ్యము. రానిచో అది బేరము. మంచి సంస్థలవారు తమ సేవకులకు ఈ నియమమును గట్టిగ బోధింతురు: సాయము చేయుటకు మతమును షరతుగ పెట్టరాదు, ఆహ్వానపత్రికలో బైబిలు ప్రసంగమున్నచో ముందుగనే వ్రాయవలెను, వద్దన్నవానిని వెంబడింపరాదు. ఈ నియమమును మఱచువారు లేకపోలేదు. ఒంటరితనమున క్రుంగియున్న పిల్లవానికి ప్రేమ చూపి, వాడు ఆ ప్రేమకు అలవాటుపడిన పిమ్మట, చేరనిచో అది పోవునేమో యను భయము పుట్టించుట క్రూరత్వము. అట్లు చేయువానికి క్రైస్తవులలోని పెద్దలే యంగీకరింపరు.

మనము తీర్పు చెప్పు పీఠమున కూర్చుండుటకు ముందు మన యిండ్లలోని పాత యాచార మొకటి జ్ఞాపకము చేసికొనవలసియున్నది. మన తాతలనాడు పల్లెనుండి పట్టణమునకు చదువవచ్చిన బీదపిల్లలు వారములు చేసికొని చదివిరి. సోమవారము వకీలుగారి యింట, మంగళవారము పంతులుగారి యింట, బుధవారము వేఱొకరింట భోజనము. ఆ వారాల యన్నము తిని పెద్దలైనవారు మన దేశమున నెందరో కలరు. అది మహాదానమే, ఆ గృహిణులకు నమస్కారము. అయినను వాకిట నిలిచిన పిల్లవానిని ఆ యిల్లాలు మొట్టమొదట నేమని యడిగెడిది? “మీరెవరు బాబూ? మీ శాఖయేమి?” అను ప్రశ్నకు తగిన యుత్తరము చెప్పినవానికే విస్తరి పడెడిది. చెప్పలేనివాడు ఎంత తెలివిగలవాడైనను, ఎంత ఆకలిగొన్నవాడైనను వీథియరుగు దాటి లోనికి రాలేకపోయెను. పరదేశపు క్రైస్తవగృహిణి భోజనము పెట్టిన పిమ్మట మతము నడుగుచున్నది. మనము భోజనము పెట్టకముందే యడిగితిమి. ఈ రెంటిలో ఏది కఠినమో చదువరులు తామే యూహించుకొందురు గాక.

నేటికిని హైదరాబాదు, విశాఖపట్టణములలోని విశ్వవిద్యాలయములలో ఆఫ్రికాఖండమునుండి వచ్చి చదువుకొను పిల్లలు కలరు. వారికి అద్దెకు గది యిచ్చుటకు మన వీథులలో నెందరు సిద్ధముగ నున్నారు? సంక్రాంతినాడు వారిలో నెందరు మన యిండ్ల గడప తొక్కిరి?

ఇట్టి యాతిథ్యము రెండు విధముల ముగియవచ్చునని తెలుపు రెండు చరిత్రలు మన దేశములోనే కలవు. రెండును 1883వ సంవత్సరముననే మొదలైనవి; రెండును మహారాష్ట్ర స్త్రీలవే.

మొదటిది పండిత రమాబాయిది. తలిదండ్రులవద్దనే సంస్కృతము నభ్యసించి, పురాణప్రవచనము చేయుచు దేశమంతయు తిరిగి, కలకత్తా పండితులచేత సరస్వతి యను బిరుదము నందిన విదుషి. భర్త గతించిన పిమ్మట పసిబిడ్డయైన మనోరమతో, వైద్యము చదువుటకై ఇంగ్లండుకు పోయి, వాంటేజ్ అను నూరిలోని క్రైస్తవ సన్న్యాసినుల మఠమున దిగినది. వారు ఆమె నాదరించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ఆమె బాప్తిస్మము పుచ్చుకొన్నది. చెవుడు వచ్చుటచేత వైద్యవిద్య సాగలేదు. బాప్తిస్మముతో కథ ముగిసినదని మఠమువారనుకొనిరేమో! ముగియలేదు. శాకాహారమును మానను, అర్థముకాని సిద్ధాంతమును తలయూచి యొప్పుకొనను, నా మనస్సాక్షిని బిషప్పుల చేతికీయను అని ఆమె తన్ను పోషించినవారితోనే యేండ్లతరబడి జాబులలో వాదించినది. మతము మాఱినను తల వంచని మనిషి. స్వదేశమునకు తిరిగివచ్చి 1889లో శారదాసదనమును స్థాపించి వితంతువులకు విద్య చెప్పించిన తల్లి యామెయే. ఆమె మార్పును మెచ్చనివారు ఆమె ధైర్యమునైన మెచ్చక తప్పదు.

రెండవది ఆనందీబాయి జోషిది. తొమ్మిదవయేట వివాహమై, పదునాల్గవయేట కన్నబిడ్డ పది దినములకే చనిపోగా, స్త్రీలకు స్త్రీవైద్యులు లేకపోవుటచేత నిట్టి దుఃఖములు కలుగుచున్నవని వైద్యము చదువ సంకల్పించినది. ఆమె భర్త గోపాలరావు సహాయము కోరి అమెరికా మిషనరీకి ఉత్తరము వ్రాయగా, క్రైస్తవమును స్వీకరించినచో చూతమన్నట్లు జవాబు వచ్చెను. ఆ యుత్తరప్రత్యుత్తరములను మిషనరీ పత్రికలో అచ్చు వేసిరి. న్యూజెర్సీలోని రోజెల్ అను చిన్నయూరి గృహిణి శ్రీమతి కార్పెంటరు దంతవైద్యునివద్ద తనవంతుకై కాచుకొని కూర్చుండి, ఆ పత్రికను తిరుగవేయుచు దీనిని చదివినది. ఆమెయు క్రైస్తవురాలే. షరతు ప్రసక్తి లేకయే, నీవు రమ్ము, నా యింట నుండుమని జాబు వ్రాసినది. మూడేండ్లు ఇరువురు ఒకరినొకరు చూడకయే ఉత్తరములు వ్రాసికొనిరి. బయలుదేరుటకు ముందు ఆనందీబాయి శ్రీరామపురము కళాశాలలో నిండుసభయెదుట, తాను హిందువుగనే పోయి హిందువుగనే తిరిగివత్తునని ప్రకటించినది. కార్పెంటరు ఆమెను తన యింట దించుకొనెను. ఆనందీబాయి ఆమెను పినతల్లిగ భావించెను. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో చదివి 1886 మార్చిలో పట్టము పుచ్చుకొన్నది. ఆ యుత్సవమును చూచుటకు ఇంగ్లండునుండి రమాబాయి వచ్చినది. ఒకతె మతము మాఱినది, ఒకతె మాఱలేదు. ఇరువురును ఒక్క సభలో సంతోషించిరి. 1887 ఫిబ్రవరిలో, ఇరువదిరెండేండ్లు నిండకమునుపే, ఆనందీబాయి క్షయచేత పూనాలో మరణించెను. ఆమె చితాభస్మమును సముద్రములు దాటించి కార్పెంటరునకు పంపిరి. ఆ తల్లి దానిని న్యూయార్కు రాష్ట్రమున పుకీప్సీ యను నూరిలోని తమవారి శ్మశానవాటికలో నుంచి, పైని రాయి నిలిపినది.

తమవారి సమాధుల నడుమ చోటిచ్చినదానిని ఎర యనుట నాకు సాధ్యము కాదు.

కావున బిడ్డ ఫోనులో నడిగినపుడు నేనైనచో పొమ్మనియే చెప్పుదును. దేవయాని తండ్రియింట కచుడు శత్రుపురమున నుండి చదువుకొని తనవాడుగనే తిరిగిరాలేదా? అయితే పోవునప్పుడు తెలియవలసిన లౌకికములు కొన్ని కలవు. ఆ పండుగవిందునకు ప్రధానము టర్కీకోడి. మాంసము తిననివాడు ఆ సంగతిని ఆహ్వానము అందిననాడే తెలుపవలెను. విస్తరిముందు కూర్చున్న పిమ్మట తెలిపిన యిల్లాలి ప్రాణము పోవును. గ్రుడ్డు తిననివాడు అదికూడ విడదీసి చెప్పవలెను. అక్కడివారి శాకాహారములో గ్రుడ్డు చేరియే యుండును. వారు భోజనమునకు ముందు కన్నులు మూసికొని ప్రార్థింతురు. ఆ అరనిమిషము మౌనముగ నుండుట మర్యాదయే కాని మతము మాఱుట కాదు. బైబిలు గోష్ఠికి పిలిచినపుడు, ఇష్టమున్నచో పోవచ్చును. విన్నంతమాత్రమున చెవి యరగదు. ఇష్టము లేనిచో “కృతజ్ఞుడను, రాజాలను” అని సూటిగ చెప్పవలెను. మనవారు వద్దనలేక “చూచెదను, ప్రయత్నించెదను” అని నసుగుదురు. దానిని అక్కడివారు సమ్మతియని నిజముగ నమ్మి కారు వేసికొని వత్తురు. తప్పు వారిది కాదు.

పాస్‌పోర్టును గాని, సొమ్ము లెక్కను గాని ఎంత దయగలవారి చేతికినైనను ఈయరాదు. ఆడపిల్ల యొంటరిగ పోవుటకంటె స్నేహితురాలితో పోవుట మేలు. వట్టిచేతులతో పోరాదు, ఇంటినుండి తెచ్చిన పూతరేకులో, కొండపల్లి బొమ్మయో చాలును. ఆవకాయ యిచ్చునపుడు మాత్రము దాని కారము సంగతి ముందు చెప్పవలెను. తిరిగివచ్చిన వారములోగా ఆ యిల్లాలి పేర స్వహస్తముతో నాలుగు పంక్తులు వ్రాసి పంపుట అక్కడి మర్యాద. అవకాశము దొరకినచో ఆ దంపతులను తన గదికి పిలిచి, వచ్చీరాని చేతులతోనైనను పప్పు, చారు వండిపెట్టుట మన మర్యాద.

నవంబరు నాలుగవ గురువారము దగ్గఱపడినకొలది అక్కడి విద్యార్థివసతులు ఖాళీయగును. ఈ మాటలు ఆ పండుగకు పదునైదు దినములు ముందుగనే బిడ్డ చెవిని వేయవలెను. పిలుపులు ఆ నాళ్ళలోనే వచ్చును.